గేటు దగ్గరి చెట్టు పేరేమిటి?



ఉదయం పిల్లల్ని దింపేటప్పుడు మన బడి ప్రహరీ వెంట సన్నగా, నిటారుగా, ఆకులు కిందికి వేలాడే చెట్ల వరుసను మీరు చూస్తూనే ఉంటారు. పేరడిగితే చాలామంది "అశోక చెట్లు" అంటారు. అవి నరమామిడి చెట్లు, సీతాఫలం కుటుంబానివి.

అసలు అశోకం పడమటి కనుమల తడి అడవుల్లో, వాగుల ఒడ్డున, పెద్ద చెట్ల నీడలో పెరిగే చిన్న చెట్టు. చింతకు దగ్గరి చుట్టం. దాన్ని నేను మొదటిసారి ఒక ఫిబ్రవరిలో కర్ణాటకలో చూశాను. కొమ్మలకే కాదు, ముదురు మానుకు కూడా నారింజ రంగు పూగుత్తులు అంటుకుని ఉన్నాయి.

రెంటినీ వేరుచేసి గుర్తుపట్టడం పిల్లలకు కూడా తేలికే.

ఆకు: నరమామిడిది ఒంటి ఆకు, అంచు అలల్లా ఉంటుంది. అశోకంలో ఒకే కాడకు నాలుగైదు జతల ఆకులుంటాయి. రెంటి చిగురూ రాగి రంగే కాబట్టి రంగు చూసి తేల్చకండి.

పువ్వు: నరమామిడి పూలు లేతాకుపచ్చ నక్షత్రాలు, ఆకుల్లో కలిసిపోతాయి. అశోకం పూలు నారింజ రంగులో విచ్చి క్రమంగా ఎర్రబడతాయి. మనం రేకులనుకునేవి రక్షకపత్రాలు. ఆ పువ్వుకు ఆకర్షణపత్రాలే ఉండవు.

కాయ: నరమామిడికి చిన్న గుడ్డు లాంటి కాయలు గుత్తులుగా కాస్తాయి. అశోకానిది బల్లపరుపు చిక్కుడు లాంటి కాయ.

పేరు మారితే నష్టమేమిటని అడుగుతారేమో. ఆయుర్వేదంలో స్త్రీల రుతుసమస్యలకు అశోక బెరడు వాడతారు. ఎవరో చెప్పారని మా పెద్దమ్మ వీధి చివరి చెట్టు బెరడు చెక్కించి కషాయానికి నానబెట్టింది. ఆకు తెచ్చి చూపించి, అది నరమామిడని చెప్పి పారబోయించాను. మూలికల వ్యాపారంలోనూ ఈ బెరడును దానికి బదులుగా కలపడం ఉంది. మరోవైపు, బెరడు కోసం నరకడం వల్ల అడవిలో అసలు అశోకం తగ్గిపోయింది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని ముప్పున్న జాతుల జాబితాలో చేర్చింది.

పుట్టినరోజుకు అశోక మొక్క కొనాలనుకుంటే నర్సరీలో పేరొక్కటే చెప్పకండి, ఆకు చూసి తీసుకోండి. మీ పిల్లలు "ఇదేం చెట్టు?" అని అడిగినప్పుడు ఫోన్ తీసే ముందు "ఆకు ఒంటిగా ఉందా, జతలుగా ఉందా?" అని అడగండి. జవాబు వాళ్లే చూసి చెబుతారు.

— మీ జీవశాస్త్రం టీచర్