మీదే ఊరండీ?

కొత్తగా పరిచయమైనవాళ్ళు "మీదే ఊరండీ?" అంటే మీరేం చెబుతారు? పుట్టినూరి పేరే చెబుతారా, దగ్గర్లో ఉన్న పెద్ద ఊరి పేరు చెప్పి ఊరుకుంటారా? నేను చాలా ఏళ్ళు రెండోదే చేశాను.

మా పుట్టిల్లు మాడుగుల. పెళ్ళయి హైదరాబాదు వచ్చాక ఎవరడిగినా "వైజాగండీ" అనేసేదాన్ని. చోడవరం దాటాలి, పాడేరు కొండల కిందుంటుంది అని విడమరిచి చెప్పడానికి బద్ధకం అనుకునేదాన్ని. నిజం చెప్పొద్దూ, నాకది చిన్నతనంగా ఉండేది.

ఓసారి పుట్టింటినుంచి తెచ్చిన హల్వా పక్కింటి పిన్నిగారికి పెట్టాను. నోట్లో వేసుకోగానే, "ఇది మాడుగుల హల్వా కదమ్మా! నీకెక్కడిది?" అన్నారు.

"మాదా ఊరేనండీ."

"మరి వైజాగన్నావు?"

ఆవిడ మామూలుగానే అడిగారు. నాకే తలెత్తాలనిపించలేదు. గోధుమలు రోజుల తరబడి నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలు పులిశాక పంచదారా నెయ్యీ వేసి చెయ్యి ఆపకుండా గంటలు గంటలు కలిపితే వచ్చే హల్వా అది. నూరేళ్ళుగా ఊరి పేరు మోస్తోంది. నేనేమో ఆ పేరు నోటితో చెప్పడానికే వెనకాడాను!

ఊరి మీది అభిమానం కొలవడానికి సోలా తవ్వా ఉండవు కదా. "మీ ఊరంటే మీకు గర్వమేనా?" అని కాగితం పట్టుకుని అడిగితే అందరూ అవుననే అంటారు. నేనూ అనేదాన్నే. సర్కారువారి భౌగోళిక గుర్తింపు ఒకటుంది. బందరు లడ్డుకి 2017లో, ఆత్రేయపురం పూతరేకులకి 2023లో వచ్చింది. సంతోషమే, కానీ అది పదార్థానికిచ్చే గుర్తింపు. మనసుని అది తూచలేదు.

మా అమ్మని చూస్తే నాకింకో కొలత తోస్తుంది. అమ్మ ఊరిని తిట్టని రోజు లేదు. కాలువ తియ్యలేదనీ, వీధి దీపం వెలగలేదనీ రోజూ గొడవే. వాకిలితోపాటు పక్కింటి ముందు కూడా తనే ఊడ్చేస్తుంది. అదే మా వారు నవ్వుతూ "మీ ఊళ్ళో ఏముందత్తయ్యా?" అంటే చాలు, ఆ పూట కాఫీ ఆలస్యమే.

2022 ఏప్రిల్‌లో మాడుగుల అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. నా "వైజాగు"కి ఆ కాస్త ఆధారమూ పోయింది! మొన్న మా అమ్మాయి తన స్నేహితురాలితో, "మాది హైదరాబాదే, అమ్మమ్మ వాళ్ళది మాడుగుల" అంటుంటే వంటింట్లోంచి విన్నాను. వెంటనే, "ఆ హల్వానా? ఈసారి మాకూ తెప్పించవా?" అంది ఆ పిల్ల.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఇంకో కిలో ఎక్కువ కట్టించాలి.