తుడువగా మిగిలినది

మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుచుండిన దినములలో మా గురువుగారు, "తరగతి విడుచునప్పుడు నల్లబల్లను తుడిచి విడువుడు; మీ వెనుక వచ్చువారికి చిక్కు పెట్టకుడు" అని తరచు చెప్పుచుండెడివారు. ఆ మాట మాకప్పుడు మిక్కిలి చిన్నదిగా తోచినది. ఈ ఉప్పుగూడలో పిల్లలకు కంప్యూటరు పాఠము చెప్పుచు నలువదియేండ్లు దాటిన పిమ్మటగాని దాని బరువు మాకు తెలియలేదు.

పై తరగతులవారికి వెబ్ పేజీలు కట్టుట నేర్పవలెనని తలచి రియాక్టు అను సాధనమును ఎన్నుకొంటిమి. దీనిని ఫేస్‌బుక్ సంస్థ 2013లో లోకమునకు విడిచినది. ఇందులో పేజీని చిన్న చిన్న భాగములుగా కట్టుదురు. ఒక్కొక్క భాగమునకు కాంపొనెంటు అని పేరు. లోపలి సమాచారము మారినప్పుడు కాంపొనెంటు మరల లెక్క చూచుకొనును; తెరమీద మాత్రము మారవలసినంత మేరకే మారును. బల్లనంతయు తుడువక, తప్పుపడిన యక్షరమును మాత్రమే దిద్దినట్లనుకొనుడు.

మొదట, పీరియడులో మిగిలిన కాలమును చూపు గడియారమును కట్టితిమి. సెకనునకు ఒకటి చొప్పున అంకెను తగ్గింపుమని సెట్‌ఇంటర్వల్ అను ఆజ్ఞ నిచ్చితిమి. పిల్లలు వేడుకకు దానిని మూడుమారులు మూసి మూడుమారులు తెరచిరి. 40 నిమిషముల పీరియడు 10 నిమిషములకే ముగిసినది! తరగతి యంతయు సంచులు సర్దుకొని లేచినది. కారణమేమన, మూసినప్పుడు గడియారము తెరనుండి తొలగినదే కాని దానికై మేమిచ్చిన ఆజ్ఞ తొలగలేదు. కంటికి కనబడని పాతవి మూడును, కనబడు క్రొత్తది యొకటియు కలిసి ఒకే అంకెను తగ్గించుచుండెను.

దీనికి మందు కలదు. 2019లో వచ్చిన యూజ్‌ఎఫెక్ట్ అను విధానములో, పని మొదలుపెట్టిన చోటనే దానిని మాన్పు ఉపాయమును గూడ వ్రాసి యుంచవచ్చును. కాంపొనెంటు తొలగునప్పుడు రియాక్టు దానిని నడుపును. అందలి క్లియర్‌ఇంటర్వల్ పాత యాజ్ఞను రద్దుచేయును. మీట నొక్కుటకై కాచుకొనియుండు ఈవెంట్ లిజనరులను గూడ ఇట్లే తీసివేయవలెను. 2022లో వెలువడిన రియాక్టు 18లో మరియొక మేలు గలదు. స్ట్రిక్ట్ మోడ్ పెట్టుకొన్నచో, పేజీని కట్టుచున్న సమయమున ప్రతి కాంపొనెంటును ఒకమారు నిలిపి, తీసి, మరల నిలిపి చూచును. తుడుచుట మరచినవాని తప్పు అప్పుడే బయటపడును.

ఇంతవరకు నవ్వులాట. తరువాత జరిగినది నవ్వదగినది కాదు.

పరీక్ష మార్కులకై ఒక పట్టిక కట్టితిమి. ప్రతి పేరునకును ఎదుట ఒక పెట్టె. అందు వ్రాసిన మార్కును ఆ పెట్టెయే జ్ఞాపకముంచుకొనును. ఏ వరుస యెవరిదో గుర్తించుటకు రియాక్టునకు కీ అను గుర్తు నియ్యవలెను. మేము పిల్లల ప్రవేశసంఖ్యను ఇయ్యక, సోమరితనముచేత వరుసలోని స్థానమునే ఇచ్చితిమి. మార్కులన్నియు నింపిన పిమ్మట, క్రొత్తగా చేరిన యొక బాలుని పేరును అక్షరక్రమమున నడుమ చేర్చితిమి. పేర్లు ఒక్కొక్క మెట్టు దిగినవి, మార్కులు దిగలేదు. ఆ పేరు మొదలుకొని, చివరి పేరు దక్క, ప్రతివారికిని ఇతరుల మార్కు అంటుకొన్నది.

మేమది యెఱుగక తెరను చూచి తరగతిలో మార్కులు చదివితిమి. 71 రావలసిన బాలికకు 27 కనబడినది. అందరి యెదుట ఆమెను గద్దించితిమి. ఎక్కువ వచ్చినవారు మాటాడలేదు. తక్కువ వచ్చినవారు అడుగ జంకిరి. ఆ బాలికయు తల వంచుకొని కూర్చుండెను. మరునాడు తన జవాబుపత్రమును తెచ్చి మా బల్లమీద పెట్టి, "సార్, ఈ యెఱ్ఱసిరా మీదే కదా?" అని మెల్లగా అడిగెను.

ఆ ప్రశ్నకు మాయొద్ద జవాబు లేకపోయెను. ఎచ్చట గద్దించితిమో అచ్చటనే నిలిచి, అందరి యెదుట ఆమెను క్షమాపణ వేడితిమి. పిమ్మట ఆమెనే కంప్యూటరునొద్ద కూర్చుండబెట్టి, కీలో స్థానమునకు మారుగా ప్రవేశసంఖ్య నుంచుమంటిమి. పత్రములు చూచి మార్కులన్నియు మరల నింపితిమి. పరీక్షకై నడుమ ఒక పేరు చేర్చి చూడగా, ఎవరి మార్కు వారి వెంటనే దిగినది. అప్పుడామె ముఖమున నవ్వు కనబడినది.

తల్లిదండ్రులారా, తెరమీది అంకెను చూచి బిడ్డను గద్దింపకముందు పత్రమును చూడుడు. విద్యార్థులారా, మీరు రేపు కట్టు పేజీలలోను ఎవరో యొకరి పేరుండును. క్రొత్తది నిలుపునప్పుడు పాతదానిలో ఏమి మిగిలినదో, అది యెవరికి అంటుకొనునో విచారింపుడు.

మేమిప్పుడు తరగతి విడుచునప్పుడు బల్ల తుడిచి, గడప దాటకముందు ఒకమారు వెనుదిరిగి చూచుచున్నాము.