షట్‌డౌన్ సెలవుల్లో అండమాన్

రియాక్టర్ నడుస్తుండగా రిలీవర్ రానిదే షిఫ్ట్ వదిలిపోవడం కుదరదు. అందుకే గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు దూర ప్రయాణాలను ప్లాంట్ షట్‌డౌన్‌కే అట్టిపెట్టుకుంటారు. మా కాలనీవాళ్లు కొందరు అలాంటి సెలవులకు అండమాన్ అనుకున్నారు. వాళ్ల వెంట నేనూ బయల్దేరాను.

“అన్నా, ఆడికి పాస్‌పోర్ట్ కావాలె గదా?” అన్నది అందరికంటే ముందు వచ్చిన ప్రశ్న.

అక్కర్లేదు, మన దేశమే. ఆధార్ చాలు. పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్ దీవులు తిరగడానికి భారతీయులకు వేరే అనుమతి ఉండదు. నికోబార్‌కూ, జారవాలు, సెంటినలీలు ఉండే చోట్లకూ మాత్రం ఆదివాసుల రక్షణ కోసం 1956లో తెచ్చిన నిబంధనలు అడ్డు. ఆ అడ్డు ఉండాల్సిందే. జారవాల అడవి గుండా బారాటాంగ్ గుహలకు తీసుకెళ్తామని ఊరించే ప్యాకేజీలు చాలా ఉన్నాయి. గుహల పేరు చెప్పి దారిలో మనుషుల్ని చూపించడమేమిటని మావాళ్లు దాన్ని కొట్టేశారు.

ఇక పేర్ల గోల. హావ్‌లాక్ 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్ అయ్యాయి. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురమైంది. జనం నోట్లో ఇంకా పాత పేర్లే ఆడుతున్నాయి కాబట్టి రెండూ గుర్తుంచుకోవాలి.

శంషాబాద్ నుంచి విమానంలో దాదాపు రెండున్నర గంటలు. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది కానీ, దాదాపు మూడు రోజులు పడుతుంది. షట్‌డౌన్ సెలవులు సముద్రంలోనే అయిపోతాయి! నైరుతి రుతుపవనాలు మనకంటే ముందు, మే మూడో వారానికల్లా అక్కడికి చేరతాయి. ఈశాన్యం వానలూ తప్పవు. జనవరి నుంచి మార్చి దాకా వెళ్లడం మేలు.

మొదటిసారి వెళ్లేవాళ్ల లెక్క తప్పేది పొద్దు దగ్గర. అండమాన్ చాలా తూర్పున ఉంది, గడియారం మాత్రం మనదే. చలికాలంలో సాయంత్రం అయిదు దాటిందంటే పొద్దుగూకినట్టే. హావ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్ పడమటి ముఖంగా ఉంటుంది. సూర్యాస్తమయం చూడాలంటే మూడింటికల్లా అక్కడుండాలి. 2004లో టైమ్ పత్రిక ఆసియాలో మేటి బీచ్ అని రాసింది దీని గురించే. కాజీపల్లి, గడ్డపోతారం చెరువుల్లో నీళ్లు రంగు మారడం చూసినవాళ్లకు అక్కడ అడుగున ఇసుక కనబడే నీళ్లు నమ్మబుద్ధి కావు. మావాళ్లలో ఒకాయన దోసిట్లోకి తీసుకుని వాసన చూశాడు కూడా.

పోర్ట్ బ్లెయిర్‌లో భాషకు ఇబ్బంది లేదు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో వందకు 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డవాళ్లే ఎక్కువ.

సెల్యులార్ జైలుకు పూట మొత్తం కేటాయించాలి. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఆ కట్టడానికి ఏడు రెక్కలుండేవి, ఇప్పుడు మిగిలినవి మూడు. జైలు కట్టకముందే హైదరాబాద్ మనిషి ఒకాయన ఆ దీవుల్లో శిక్ష అనుభవించాడు. 1857 జులై 17న కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి నడిపిన మౌల్వీ అలావుద్దీన్‌ను అండమాన్ పంపారు. ఆయన చనిపోయిందీ అక్కడే. ఆయనతో కలిసి దాడి చేసిన తుర్రేబాజ్ ఖాన్‌కూ ద్వీపాంతర శిక్షే పడింది. ఓడ ఎక్కించకముందే తప్పించుకున్నాడు, 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర చంపేశారు. తూప్రాన్ మాకు పొరుగే. ఆ దారిన ఎన్నోసార్లు పోయినవాళ్లు ఈ సంగతి అండమాన్‌లో విని ఆశ్చర్యపోయారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర కూడా అండమాన్‌లో ఏళ్ల తరబడి శిక్ష అనుభవించాడు. తిరిగొచ్చి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

ప్యాకేజీ కాగితంలో ముందు చూడాల్సింది ఆఖరి రాత్రి బస. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే ఫెర్రీలు ఆపేస్తారు, విమానం మనకోసం ఆగదు. కాబట్టి తిరుగు ప్రయాణం ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలి. చిన్న దీవుల్లో సిగ్నల్‌ను నమ్ముకోకుండా కొంత నగదు దగ్గర పెట్టుకోండి. ఒడ్డున దొరికిన పగడపు ముక్కలు సంచిలో వేసుకోవద్దు, చట్టం ఒప్పుకోదు. ముందు విమానం, ఆ తర్వాత ఫెర్రీ టికెట్లు చూసుకోండి. అవి చేతికొచ్చాకే హోటల్ గదికి డబ్బు కట్టండి.