అందరూ రైలు మారే ఊరు

ఫ్రాన్స్‌లోని నీస్ నుంచి సముద్రం అంచునే వచ్చే రైళ్లు చాలావరకు ఇక్కడితో ఆగిపోతాయి. ఇటలీలోని జెనోవా వైపు వెళ్లే రైళ్లు ఇక్కడే బయల్దేరతాయి. దిగినవాళ్లు ఓ కాఫీ తాగి, ప్లాట్‌ఫామ్ మారి, వెళ్లిపోతారు. అటు మొనాకో, కాన్... ఇటు శాన్‌రెమో. అంత పేరున్న ఊళ్ల మధ్య ఇరుక్కుపోతే ఏ ఊరినైనా ఎవరు పట్టించుకుంటారు? రైలు నది దాటుతున్నప్పుడు కొండ మీద ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టుండే పాత ఇళ్లు కిటికీలోంచి కనిపిస్తాయి. ‘అబ్బ, బాగుందే’ అనుకునేలోపే స్టేషన్ వచ్చేస్తుంది. ఆ కొండ మీది ఊరే వెంటిమిలియా!

శుక్రవారం మాత్రం కథ వేరు. ఆ రోజు ఇక్కడ పెద్ద సంత. ఫ్రాన్స్ నుంచి రైళ్లకు రైళ్లు జనం దిగిపోతారు. బట్టలు, తోలు సంచులు, చీజ్, సారా సీసాలు... సరిహద్దు అవతలి కన్నా చవగ్గా దొరుకుతాయని వాళ్ల ఆశ. పేరున్న కంపెనీల సంచుల్లా కనిపించే నకిలీలూ అమ్ముతుంటారు. చవగ్గా వస్తోంది కదా అని కొంటే, పట్టుబడినప్పుడు కొన్నవాళ్లకూ జరిమానా పడుతుంది. ఇటలీ చట్టం అంతే. అసలు ఊరు చూడాలనుకునేవాళ్లు శుక్రవారం తప్ప ఇంకే రోజు వచ్చినా మంచిదే. సంతకు వచ్చినవాళ్లలో వంతెన దాటి కొండెక్కేవాళ్లు ఎలాగూ తక్కువే.

ఇరవై మైళ్లు కాదు!

ఇటాలియన్‌లో ‘వెంతి మీల్యా’ అంటే ఇరవై మైళ్లు. ఎక్కణ్నుంచో ఇరవై మైళ్ల దూరంలో ఉంది కాబట్టి ఆ పేరు వచ్చిందనుకుంటారు చాలామంది. మన దగ్గర ఊళ్ల పేర్లకు కథలు అల్లినట్టే అదీ అల్లిన కథే. రోమన్ల కంటే ముందు ఇక్కడ ఇంతెమేలీ అనే తెగ ఉండేది. వాళ్ల పట్టణం రోమన్ల నోట ఆల్బింతిమీలియం అయింది. అదే అరిగి అరిగి వెంటిమిలియాగా మిగిలింది. ఆ రోమన్ పట్టణం కొండ మీద లేదు. తూర్పున నెర్వియా అనే వాగు దగ్గర, చదును నేల మీద ఉండేది. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లు, రోడ్డు, రైలు పట్టాల మధ్య ఓ రాతి నాటకశాల మిగిలింది. పక్కనుంచి పోయే వాహనాల్లో తలతిప్పి చూసేవాళ్లు అరుదు.

ఆ పట్టణం పేరు చరిత్రకెక్కింది ఓ విషాదంతో. క్రీ.శ. 69లో రోమ్ సింహాసనం కోసం నలుగురు కొట్టుకున్నారు. వాళ్లలో ఓథో పంపిన నౌకాదళం ఈ తీరాన్ని దోచుకుంటూ ఓ ఎస్టేటు యజమానురాలిని చంపేసింది. ఆమె కొడుకు అగ్రికోలా. తర్వాతి రోజుల్లో బ్రిటన్‌లో రోమన్ల పాలనను ఉత్తరానికి విస్తరించిన సేనాని అతనే. అతని అల్లుడు టాసిటస్ చరిత్రకారుడు కాబట్టి ఆ సంగతి రాసిపెట్టాడు. లేకపోతే దారినపోయే సైన్యం చేతిలో చనిపోయిన ఆ తల్లి గురించి లోకానికి తెలిసేదే కాదు.

మెట్లెక్కితే...

స్టేషన్ నుంచి నేరుగా సముద్రం వైపు నడిచి, కుడివైపు తిరిగి, రోయా నది మీది వంతెన దాటితే పాత ఊరు మొదలు. ఈ నది ఎండాకాలం పిల్ల కాలువలా ఉంటుంది. నమ్మడానికి లేదు. 2020 అక్టోబరులో అలెక్స్ తుపాను వచ్చినప్పుడు కొండల్లోంచి విరుచుకుపడి వీధుల్ని ముంచెత్తింది. మనుషులు నడిచే వంతెననైతే ఏకంగా ఊడ్చుకుపోయింది.

అక్కణ్నుంచి ఎక్కడమే. కొన్నిచోట్ల రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తగిలేంత సన్నటి సందులు. పైన ఇళ్లను ఒకదానితో ఒకటి కలిపే రాతి కమానులు. కిటికీ నుంచి కిటికీకి బట్టలారేసిన తాళ్లు. చుట్టుపక్కల కొండ ఊళ్లు చాలా వరకు టూరిస్టుల కోసం సున్నాలేసుకుని, బొమ్మల దుకాణాలు పెట్టుకుని కూర్చున్నాయి. ఇక్కడ ఆ హంగు లేదు. పెచ్చులూడిన గోడలున్నాయి, తాళాలు పడిన ఇళ్లున్నాయి. వాటి మధ్యే కూరగాయల సంచీతో ఆయాసపడుతూ మెట్లెక్కే పెద్దావిడ, గుమ్మంలో కూర్చుని కబుర్లు చెప్పుకునే ముసలాళ్లు. నాలుగు గోడలకు రంగులేసిన ఊరికన్నా మనుషులు కాపురముంటున్న ఈ ఊరే నయం.

వీధి మలుపులో సెయింట్ మేరీ కెథడ్రల్. పదకొండో శతాబ్దంలో మొదలైన కట్టడం. బయటి నుంచి చూస్తే చర్చి కన్నా కోటలా ఉంటుంది. పక్కనే ఎనిమిది పలకల బాప్టిజం మందిరం. ఇంకాస్త పైకెళితే ఊరి చివర సెయింట్ మైకేల్ చర్చి. దాని నేలమాళిగ చూసి తీరాలి. పైకప్పును మోస్తున్న స్తంభాల్లో రోమన్ల మైలురాళ్లు ఉన్నాయి! రోడ్డు పక్కన దూరాలు చెప్పడానికి పాతిన రాళ్లను చక్రవర్తుల పేర్లతో సహా ఊడబెరికి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. అయితే ఈ చర్చి ఎప్పుడు పడితే అప్పుడు తెరిచి ఉండదు. వేళలు కనుక్కుని ఎక్కడం మంచిది, లేకపోతే కాళ్ల నొప్పులే మిగులుతాయి.

పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లకు ఇంకో చోటు ఉంది. ఈ ఊళ్లోనే పుట్టిన ఆంజెలికో అప్రోసియో అనే సన్యాసి 1648లో తన పుస్తకాలతో ఇక్కడ గ్రంథాలయం స్థాపించాడు. నెపోలియన్ కాలంలో మఠాలు మూతపడ్డప్పుడు చాలా పుస్తకాలు చెల్లాచెదురయ్యాయి. మిగిలినవి పాత ఊళ్లో ఇప్పటికీ ఉన్నాయి.

ఈ ఊరి దొర... మన కబీర్ బేడీ!

ఇటలీలో పిల్లలందరికీ తెలిసిన పాత కథానాయకుడు ‘నల్ల కోర్సెయిర్’. ఎమీలియో సాల్గారి 1898లో రాసిన నవలలోని సముద్ర దొంగ. అన్నదమ్ముల్ని చంపినవాడి మీద పగ తీర్చుకోవడానికి కరీబియన్ సముద్రం మీద తిరుగుతుంటాడు. అతని బిరుదు వెంటిమిలియా ప్రభువు. సాల్గారి కల్పించిన మనిషే అయినా ఊరు మాత్రం అతణ్ని సొంతం చేసేసుకుంది. 1976లో ఆ నవలను సినిమాగా తీసినప్పుడు నల్ల కోర్సెయిర్‌గా వేసింది ఎవరో కాదు, మన కబీర్ బేడీ. ‘గౌతమిపుత్ర శాతకర్ణి’లో నహపాణుడిగా తెలుగువాళ్లకు కనిపించింది ఆయనే. అదే ఏడాది సాల్గారి మరో హీరో సాందోకాన్‌గా ఇటలీ టీవీలో ఆయన వేసిన వేషానికి ఆ దేశం వెర్రెత్తిపోయింది. ఓ వయసు దాటిన ఇటాలియన్లతో మాట కలపాలంటే ఆ ఒక్క పేరు చాలు.

ఆకలేస్తే ఫరినాతా అడగొచ్చు. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద పళ్లెంలో పోసి పొయ్యిలో కాలుస్తారు. మన శనగపిండి అట్టుకు దూరపు చుట్టం. పచ్చిమిరపకాయలు, జీలకర్ర లేవన్న లోటు తప్ప శాకాహారులకు ఢోకా లేదు. సరిహద్దు అవతల నీస్‌లో దీన్నే సొక్కా అంటారు. ఎవరిది అసలుదన్న వాదన జోలికి వెళ్లకపోవడమే మేలు.

టీ వ్యాపారి తోట

ఊరికి పడమర, ఫ్రాన్స్ వైపు బస్సులో కొద్ది దూరం వెళితే మొర్తోలా. థామస్ హాన్‌బరీ అనే ఆంగ్లేయుడు ఇరవై ఒక్కేళ్ల వయసులో షాంఘై వెళ్లి టీ, పట్టు వ్యాపారంలో బాగా గడించాడు. 1867లో ఈ తీరానికి వచ్చి, సముద్రంలోకి చొచ్చుకొచ్చిన ఈ కొండవాలును చూసి మనసు పారేసుకుని కొనేశాడు. మందు మొక్కల మీద పరిశోధన చేసే అన్న డేనియల్ సాయంతో ప్రపంచం నలుమూలల నుంచీ మొక్కలు తెప్పించాడు. 1912 నాటి జాబితాలో ఐదు వేలకు పైగా రకాలున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం తోటను చిందరవందర చేసింది. 1960లో వారసుల నుంచి ఇటలీ ప్రభుత్వం కొంది. ఇప్పుడు జెనోవా విశ్వవిద్యాలయం చూసుకుంటోంది.

మొత్తం 18 హెక్టార్లు. గేటు కొండపైన, సముద్రం అడుగున. నిమ్మ, నారింజ చెట్లు, కలబందలు, తాటిజాతి చెట్ల మధ్య నుంచి దిగుతుంటే హాయిగానే ఉంటుంది. తిరిగి అంతా ఎక్కాలన్న సంగతి అడుగుకు చేరాక గుర్తొస్తుంది. పిల్లలు, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళితే మంచిది. తోట అడుగున పాత రోమన్ రోడ్డు ముక్క ఒకటి అడ్డంగా పోతుంది. సెయింట్ మైకేల్ చర్చిలోని మైలురాళ్లు ఒకప్పుడు నిలబడిన రోడ్డే అది.

ఎర్ర కొండ కింద

అదే దారిలో ఇంకాస్త ముందుకెళితే దేశం చివర బాల్జీ రోస్సీ. అంటే ఎర్ర బండలు. ఆ కొండ అడుగున వరసగా గుహలు. వేల ఏళ్ల కిందటి మనుషులు తమవాళ్లను ఇక్కడ పూడ్చిపెట్టారు. 1872లో ఎమీల్ రివియేర్ ఓ అస్థిపంజరాన్ని బయటకు తీశాడు. 24 వేల ఏళ్ల నాటిది. తల మీద గవ్వల అల్లిక, ఒంటినిండా ఎర్రమట్టి. మగమనిషే అనుకున్నారు చాలాకాలం. తీరా చూస్తే స్త్రీ! ఆమె ప్యారిస్ మ్యూజియానికి వెళ్లిపోయింది. 1892లో దొరికిన ముగ్గురు మాత్రం ఇక్కడే ఉన్నారు. ఒక పెద్దమనిషి, ఇద్దరు పిల్లలు. 1898లో హాన్‌బరీయే పెట్టించిన చిన్న మ్యూజియంలో వాళ్లను చూడొచ్చు. గుహల్ని కొంత రాళ్ల క్వారీ మింగింది, కొంత రైలు మార్గం మింగింది.

అక్కణ్నుంచి సరిహద్దు కూతవేటు దూరం. 1860లో నీస్ ఫ్రాన్స్ చేతికి వెళ్లడంతో వెంటిమిలియా సరిహద్దు ఊరైంది. ఐరోపాలో చెక్‌పోస్టులు తీసేశాక ఆ గీతను జనం మరిచిపోయారు కూడా. 2015 జూన్‌లో మళ్లీ గుర్తొచ్చింది. సూడాన్, ఎరిత్రియా లాంటి దేశాల నుంచి ప్రాణాలరచేతిలో పెట్టుకుని సముద్రం దాటి వచ్చినవాళ్లను ఫ్రాన్స్ పోలీసులు ఇక్కడ ఆపేశారు. వెనక్కి వెళ్లలేక, ముందుకు పోలేక వందల మంది ఒడ్డున బండల మీదే పడుకున్నారు. సెప్టెంబరు చివర్లో పోలీసులు ఖాళీ చేయించేదాకా అక్కడే ఉన్నారు. టూరిస్టులు ఈత కొట్టే నీళ్లు, వాళ్లు ముఖం కడుక్కున్న నీళ్లు ఒకటే.

ఊరు రెండుగా చీలింది. వీధుల్లో వలసదారులకు తిండి పంచకూడదని మున్సిపాలిటీ ఆదేశమిచ్చింది. అన్నం పెట్టినందుకు కొందరి మీద కేసులు కూడా పెట్టారు. గొడవ పెద్దదై 2017లో ఆ ఆదేశం వెనక్కు తీసుకున్నారు. మరోపక్క నది దగ్గరి సెయింట్ ఆంటొనీ చర్చి 2016లో తలుపులు తెరిచి వందల మందికి చోటిచ్చింది. రోయా లోయలో ఫ్రాన్స్ వైపు ఉండే రైతు సెడ్రిక్ ఎరూ ఇలాగే ఆశ్రయమిచ్చి కోర్టుల చుట్టూ తిరిగాడు. 2018లో ఆ దేశ రాజ్యాంగ మండలి, సోదరభావం రాజ్యాంగ విలువేనని, నిస్వార్థంగా సాయపడే స్వేచ్ఛ అందులోంచే వస్తుందని తేల్చింది.

ఎర్ర బండల పైన కొండల్లో ఓ కాలిబాట ఉంది. పేరు ‘మృత్యు మార్గం’. ముస్సోలినీ కాలంలో యూదులు, ఆయన్ను వ్యతిరేకించినవాళ్లు రాత్రిళ్లు ఆ దారినే ఫ్రాన్స్‌కు పారిపోయారు. ఇటీవలి ఏళ్లలో మళ్లీ అదే దారిలో అడుగుల చప్పుడు. ఆ బాటలో, రైలు పట్టాల మీద, హైవే మీద 2015 తర్వాత పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఎదురుగా వెలుగుతున్న ఊరు మాంతోన్. మామూలు ప్రయాణికుడికి రైల్లో పావుగంట.

వెళ్లాలంటే...

నీస్ నుంచి రైల్లో గంటలోపే. షెంగెన్ వీసా ఉంటే రెండు వైపులా పనికొస్తుంది. అయితే పాస్‌పోర్టు హోటల్లో వదిలేసి రావద్దు. ఫ్రాన్స్ 2015 నవంబరులో మళ్లీ మొదలుపెట్టిన తనిఖీలను దఫదఫాలుగా పొడిగిస్తూ వచ్చింది. మాంతోన్ గరవాన్ స్టేషన్‌లో పోలీసులు రైలెక్కి కాగితాలు అడుగుతారు. అందర్నీ అడగరు. ఎవర్ని అడుగుతారన్నది మనిషి రంగును బట్టి కూడా ఉంటుందన్న విమర్శ ఉంది కాబట్టి మనవాళ్లు జాగ్రత్తగా ఉండటమే మంచిది.

ఏప్రిల్ నుంచి జూన్ వరకు, లేదంటే సెప్టెంబరులో వాతావరణం బాగుంటుంది. పాత ఊరి కింద ఇప్పుడు ‘కాలా దెల్ ఫోర్తే’ అనే పడవల రేవు వచ్చింది. 178 పడవలకు చోటుంది. కట్టించింది మొనాకో ఓడరేవుల సంస్థ. ఆ డబ్బు మెట్లెక్కి పైకొస్తే పాత ఇళ్లకు కొత్త రంగులు పడతాయి. అద్దెలు కూడా పెరుగుతాయేమోనన్నది వేరే బెంగ.

ఒక రోజు మిగిలితే ఉత్తరాన కూనెయో వెళ్లే రైలెక్కండి. ఇటలీలో బయల్దేరి, ఫ్రాన్స్‌లోకి దూరి, కొండల్లో సొరంగాలు, వంతెనలు దాటి మళ్లీ ఇటలీలో తేలుతుంది. 1928లో వేసిన ఈ లైనును యుద్ధంలో పేల్చేస్తే, తిరిగి రైలు నడవడానికి 1979 దాకా పట్టింది. రోజుకు కొన్ని రైళ్లే ఉంటాయి. తిరుగు రైలు వేళ చూసుకుని మరీ బయల్దేరండి.