సెలవు ఎవరికి?

తెలుగున సెలవు అను మాటకు విరామమనియు, అనుజ్ఞయనియు రెండర్థములు కలవు. ఒకరు అనుజ్ఞ యిచ్చిననే గాని మరియొకరికి విరామము లభింపదని ఆ మాటయే చెప్పుచున్నది. ఉద్యోగికి పై యధికారి సెలవిచ్చును. పిల్లలకు బడి సెలవిచ్చును. మావంటి ఉపాధ్యాయులకు సంక్రాంతికి ప్రభుత్వమే సెలవిచ్చును. గృహిణికి సెలవిచ్చువారెవరు? ఈ ప్రశ్న మాకు గ్రంథములయందు గాక, మొన్నటి పుష్యమాసమున భువనగిరిలో మా అక్కగారి యింట ఎదురైనది.

పిల్లలిద్దరితో మేము సికిందరాబాదున రైలెక్కి, గంటసేపు ప్రయాణము చేసి భువనగిరిలో దిగితిమి. ఊరిలో ఎచ్చట నిలిచినను గ్రుడ్డు ఆకారముగల ఏకశిలయగు ఆ గుట్టయే కంటబడును. పశ్చిమ చాళుక్య చక్రవర్తియగు త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుని పేరిట అది త్రిభువనగిరి యనబడి, కాలక్రమమున భువనగిరి యయ్యెనని చెప్పుదురు. గుట్టను చూచినది మొదలు పిల్లలకు ఎప్పుడు ఎక్కుదుమాయన్న ధ్యాస తప్ప మరియొకటి లేదు.

ఇంటిలో సకినాల పని సాగుచుండెను. కొత్తబియ్యము నానబెట్టుట, పిండి పట్టించుట, నువ్వులు, వాము కలుపుట, పరచిన బట్టపై చేతితో చుట్టలు చుట్టుట, నూనెలో కాల్చుట - ఇదంతయు వేకువనుండి నడుము వంచి చేయవలసిన పని. దీనికి తోడు వచ్చిన చుట్టములకు మూడుపూటల భోజనము, నడుమ నడుమ చాయ. పండుగకు వచ్చినవారందరికిని సెలవు. అక్కకును కోడలికిని పని రెట్టింపు.

ఏడేండ్ల మా అమ్మాయి, "అత్తమ్మా, రేపు గుట్టమీదికి నువ్వు గూడ రా" అనెను. అక్క నవ్వి, "నాకేడ తీరుతది బిడ్డా? ఈ ఇంటికొచ్చి ఇరవై ఆరేండ్లాయె, ఒక్కనాడన్న ఎక్కలే" అనెను. ఆమె వంటయింటి కిటికీనుండి ఆ గుట్ట దినమంతయు కనబడుచునే యుండును!

ఆ రాత్రి భోజనములైన పిమ్మట బావగారు ఊరి పూర్వవృత్తాంతము చెప్పుచుండిరి. 1944వ సంవత్సరమున రావి నారాయణరెడ్డిగారి యధ్యక్షతను ఆంధ్రమహాసభ పదునొకండవ సమావేశము జరిగినది ఈ భువనగిరిలోనే. ఆ సభ ఎదిరించిన దురాచారములలో వెట్టిచాకిరి ముఖ్యమైనది. అధికారి గ్రామమునకు వచ్చెనా, కూలి లేకయే కట్టెలు కొట్టువారును, నీళ్ళు మోయువారును ఉండవలయును. కాదనుటకు వారికి వీలు లేదు. అంతట మేము, "బావా, కాదనుటకు వీలులేని చాకిరి మన వంటయిండ్లలో ఇంకను మిగిలియున్నదేమో!" అంటిమి.

బావగారు నొచ్చుకొనిరి. "దానికి దీనికి పోలికేంది? అది జులుం, ఇది ప్రేమ. తమ్మునికి, పిల్లలకు వండిపెట్టుడు వెట్టి అయితదా?" అనిరి. ఆ మాటలో సత్యము లేకపోలేదు. ప్రేమతో చేయు పనికిని, కొరడాకు వెరచి చేయు పనికిని భేదము కలదు. కాని ప్రేమతో చేయు పనిని ఒకనాడు మానుటకును స్వేచ్ఛ యుండవలెను. మానుటకు వీలులేనినాడు అది ప్రేమయో, విధియో చేయువారికే తెలియకుండ పోవును. ఇది ఒక్క యింటి సంగతి కాదు. 2019లో భారత ప్రభుత్వము జరిపిన కాలవినియోగ పరిశీలనలో, ఇంటిపని చేయు స్త్రీ సగటున దినమునకు 299 నిమిషములు, చేయు పురుషుడు 97 నిమిషములు దానికి వెచ్చించుచున్నట్లు తేలినది. ఆ పనిలో చేయి పెట్టు పురుషులైనను నూటికి ఇరువదియారుగురే.

"చుట్టాలు ఇంట్ల ఉండంగ ఇల్లాలు గుట్టెక్కితే నలుగురేమంటరు?" అని బావగారు మరల అడిగిరి. మేము బదులు చెప్పకమునుపే, మూలనున్న మంచముపైనుండి వారి తల్లిగారు, "ఎవ్వరేమన్న అననీయిరా. నేను గూడ ఎక్కలే. ఇప్పుడెక్కుదమంటె మోకాళ్ళు లేవు. దాని మోకాళ్ళన్న మంచిగున్నప్పుడే పోనీ" అనిరి. అరువది యేండ్లు ఆ యింటి పొయ్యి ముందర గడపిన ఆమె మాటకు ఎదురాడువారు లేకపోయిరి.

మరునాడు ఉదయమున అక్కయు, కోడలును, మా యింటివారును, పిల్లలును గుట్ట ఎక్కిరి. మేమును బావగారును అన్నము, పప్పు వండితిమి. పప్పు కొంచెము అడుగంటెను, తినలేనంత చెడలేదు. అక్క పైనుండి తన యింటి కప్పును వెదకి పిల్లలకు చూపెననియు, దిగుదమన్నను అరగంటవరకు లేవలేదనియు మా అమ్మాయి చెప్పెను.

మలావత్ పూర్ణ యను గిరిజన బాలిక కొండలెక్కుట నేర్చినది ఈ శిలమీదనే. 2014 మే 25వ తేదీన, పదునాలుగేండ్లయిన నిండకమునుపే ఆమె ఎవరెస్టు శిఖరమున నిలిచినది. ఆమెకు అవకాశము నిచ్చినవారుండిరి. అదే గుట్టనీడలో కాపురముండు ఇల్లాండ్రకు ఒక పూట అవకాశము నిచ్చుటకు మనకు ధనమేల, చట్టమేల?

పాఠకులారా, సెలవులకు పిల్లలను చుట్టముల యిండ్లకు తప్పక తీసికొనిపొండు. మేనత్తను, నాయనమ్మను ఎరుగక పెరిగిన పిల్లవానికి బంధుత్వము వట్టి మాటగనే మిగులును. కాని వెళ్ళినచోట ఒక్కదినమైన పొయ్యి బాధ్యత పురుషులు వహింపుడు. అన్నము వండు తండ్రిని, తీరికగా కూర్చున్న అత్తను కన్నులార చూచిన పిల్లలకు స్త్రీపురుష సమానత్వమునుగూర్చి మేము బడిలో వేరుగా పాఠము చెప్పవలసిన పని యుండదు.