సముద్రపు ఒడ్డున ఒక బెంచీ

విశాఖపట్నం వెళ్లినవారు రామకృష్ణా బీచి చూడకుండా తిరిగిరారు. మొన్న వేసవి సెలవుల్లో మా అమ్మను తీసుకుని నేనూ వెళ్లాను. 2002 నుంచి అక్కడ ప్రదర్శనశాలగా ఉన్న కురుసుర జలాంతర్గామిని చూసి బయటికి వచ్చేసరికి ఆవిడకు మోకాళ్ల నొప్పి పట్టుకుంది.

కూర్చునే చోటు వెదికాను. మొదట కనిపించిన ఇనుప బెంచీ కాళ్లు ఉప్పుగాలికి తుప్పుపట్టి పొరలు పొరలుగా రాలుతున్నాయి. పక్కనున్న సిమెంటు బెంచీ అంచు పగిలి లోపలి చువ్వ కనిపిస్తోంది. ఉప్పు లోపలికి దిగితే చువ్వ తుప్పుపట్టి ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు సిమెంటు పగులుతుంది. మూడవది నల్లరాతి పలక. తుప్పూ లేదు, చెదా లేదు.

"ఇది నూరేళ్లుంటుందమ్మా, కూర్చో!" అన్నాను, క్లాసులో పాఠం చెప్పే ధోరణిలో.

కూర్చున్నదల్లా ఉలిక్కిపడింది. సాయంత్రం అయిదయినా రాయి పెనంలా కాలుతోంది. వీపు ఆనించడానికి లేదు, లేవడానికి పట్టూ లేదు.

"బెంచీ నూరేళ్లుంటుంది సరే నాయనా, కూర్చున్నవాళ్లు ఉండొద్దూ?" అంది.

నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. చివరికి ఎదుటి కాఫీ హోటలు వరండాలో టేకు కుర్చీ దొరికింది. టేకులో సహజంగా నూనె ఉంటుంది గనుక వానకూ చెదకూ ఓర్చుకుంటుంది; ఎండకు రాయిలా కాలదు.

"మరలు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువండీ. ఉత్త ఇనుపవైతే ఈ గాలికి ఆగవు" అన్నాడు యజమాని.

కాఫీ తాగి, కుర్చీ చేతులు పట్టుకుని అమ్మ తనంతట తనే లేచింది. ఊళ్లో బెంచీలు వేయించే పెద్దలు ముందుగా ఒక ముసలమ్మను కూర్చోబెట్టి చూస్తే బాగుండును!