‘వచ్చాను, చూశాను’ అంటే సరిపోతుందా?

‘షాప్‌లిఫ్టర్స్’ చూసి కళ్ళు తుడుచుకున్నవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. 2018లో కాన్‌లో పామ్ డోర్ గెలిచిన ఆ సినిమా తర్వాత హిరొకాజు కొరేడా ఫ్రాన్స్ వెళ్ళి తీసిన సినిమా ‘లా వెరితే’. అంటే ‘నిజం’. జపాన్ బయట, జపనీస్ కాని భాషలో ఆయన తీసిన మొదటి సినిమా ఇదే. 2019 వెనిస్ చిత్రోత్సవం దీనితోనే మొదలైంది. కాథరిన్ దెనూవ్, జూలియెట్ బినోష్ తల్లీకూతుళ్ళుగా చేశారు. ఇంకేం కావాలి అనుకుని చూడ్డం మొదలుపెడతాం. అయిపోయాక మాత్రం ఏదో వెలితి.

ఫాబియెన్ పేరున్న నటి. వయసు మీద పడినా పొగరు తగ్గలేదు. ఆత్మకథ రాసి దానికి ‘నిజం’ అని పేరు పెట్టింది. అమెరికాలో స్క్రిప్టులు రాసుకునే కూతురు లుమీర్ భర్తనీ, చిన్నపిల్ల షార్లెట్‌నీ తీసుకుని పారిస్ వస్తుంది. పుస్తకం చదివితే ఒళ్ళు మండుతుంది. అందులో ఫాబియెన్ ప్రేమగల తల్లి. చనిపోయిన సాటి నటి సారా ఊసే లేదు. లుమీర్‌ని చిన్నప్పుడు అమ్మలా చూసుకున్నది ఆ సారానే. ఆమెకి రావాల్సిన పాత్రని ఎగరేసుకుపోయింది ఫాబియెన్. ఏళ్ళ తరబడి చాకిరీ చేసిన సెక్రటరీ లూక్ పేరు కూడా పుస్తకంలో లేదు. ఆయన ఉద్యోగం వదిలేసి వెళ్ళిపోతాడు.

దెనూవ్‌కి అప్పటికి 75 ఏళ్ళు. ఆమె అసలు పేరులోనూ ఫాబియెన్ ఉంది. ఆమె అక్క ఫ్రాన్స్వాజ్ దొర్లెయాక్ కూడా నటే. 1967లో కారు ప్రమాదంలో 25 ఏళ్ళకే పోయింది. సారా పేరు వినపడ్డప్పుడల్లా ఆ అక్క గుర్తొస్తుంది. నలభై దాటితే హీరోకి తల్లినో అత్తనో చేసే సినిమాలు చూసి పెరిగినవాళ్ళం మనం. 75 ఏళ్ళ నటి చుట్టూ కథంతా తిప్పడమే గొప్ప అనిపిస్తుంది. అందుకే ఆశ ఎక్కువ.

మరి ఎక్కడ చెడింది? చిన్నప్పుడు స్కూల్లో నాటకం వేస్తే అమ్మ రాలేదని లుమీర్ బాధ. చివర్లో ఫాబియెన్, ‘నేను వచ్చాను, నీకు కనపడకుండా చూశాను’ అంటుంది. అంతే, ఇద్దరూ కౌగిలించుకుంటారు. అన్నేళ్ళ గాయం ఒక్క మాటతో వట్టి అపార్థం అయిపోయింది! నటన కోసం మనుషుల్ని పక్కన పెట్టేసిన మనిషిని క్షమించాలా వద్దా అన్నదే కదా ప్రశ్న. తల్లి నిజంగానే వచ్చి ఉంటే ఇక క్షమించడానికి ఏముంది? సినిమా జవాబు చెప్పకుండా తప్పించుకుంది. లూక్ కూడా తిరిగొచ్చేస్తాడు. అందరూ మంచివాళ్ళే.

కానీ ఆ కౌగిలి విడిపోకముందే ఒక గొప్ప క్షణం ఉంది. ఫాబియెన్ అప్పట్లో ఒక సైన్స్ ఫిక్షన్ సినిమాలో చేస్తుంటుంది. అందులో తల్లి అంతరిక్షంలో ఉంటుంది కాబట్టి ముసలిదవదు. ఏడేళ్ళకోసారి వచ్చి వెళ్తుంది. ముసలిదైపోయిన కూతురి పాత్ర ఫాబియెన్‌ది. సొంత కూతుర్ని కౌగిలించుకుని ఉండగానే ఆమెకి తట్టేది ఏంటంటే, అయ్యో, ఈ భావం మొన్న ఆ సీన్‌లో చూపించి ఉండాల్సింది కదా అని! నవ్వొస్తుంది, వెంటనే గుండె చివుక్కుమంటుంది. ఆ మనిషి మారలేదు. మారదు కూడా.

ఆ తర్వాత షార్లెట్ అమ్మమ్మతో ముద్దుముద్దుగా రెండు మాటలు చెబుతుంది. ఆ మాటలు రాసిచ్చింది లుమీర్. అమ్మని సంతోషపెట్టడానికి కూతురు కూడా స్క్రిప్టే వాడింది. అంటే ఈ ఇంట్లో ప్రేమ కూడా రిహార్సల్ అయ్యాకే బయటికొస్తుంది. సినిమా చెప్పాల్సిన నిజం ఇదే. ఇంత చేదు నిజం దొరికితే, దానికి పంచదార పూసి ఇచ్చారు.

అయినా చూడండి. దెనూవ్ కోసం చూడండి. అమ్మ నిజంగా ఆ నాటకానికి వచ్చిందని మాత్రం నేను నమ్మను. ఆమె నటి. ఆ డైలాగ్ చాలా బాగా చెప్పింది.